గండి పడిందా, కొట్టారా? గోదావరి జిల్లాల విలేకరులకు ఒక బహిరంగ లేఖ

ఉభయ గోదావరి, కోనసీమ జిల్లాల పత్రికా విలేకరులకు, టీవీ కంట్రిబ్యూటర్లకు, కేబుల్, యూట్యూబ్ ఛానళ్లు నడిపేవారికి, ఊరి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు, మీకు వార్త అందించే పోలీసు, రెవెన్యూ, ఇరిగేషన్ అధికారులకు

నమస్కారం.

నేను 32 ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నారు. వరదలప్పుడు నడుం లోతు నీళ్లలో దిగి లంకల ఫొటోలు తెచ్చేది మీరే. మీలో చాలామందికి జీతం లేదు, పెట్రోలు ఖర్చూ సొంతమే. అది తెలుసు కాబట్టే మా ఊరి గండి మీద మీరు వేసిన తప్పుడు వార్త సంగతి ఇన్నాళ్లూ బయట పెట్టకుండా మీ చుట్టూ తిరిగాను. రెండు ఛానళ్లకి ఉత్తరాలు రాశాను. ఒక ఆఫీసుకి వెళ్లి గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ పెట్టాను. రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. ఇక అందరి ముందూ చెప్పడమే మిగిలింది.

జరిగింది ఇది. పోయిన సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, నాట్లు పడిన పన్నెండో రోజు. అల్పపీడనం వాన మూడు రోజులుగా వదల్లేదు. మా ఊరి కింద పారే మురుగు డ్రెయిన్ అంచుల దాకా నిండి ఉంది. సముద్రం పోటు మీదుంటే మా డ్రెయిన్లు లాగవని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి రెండు దాటాక డ్రెయిన్ గట్టుకి గండి పడింది. తెల్లారేసరికి స్వర్ణ రకం వరి నాట్లు వేసిన చేలు, నా లెక్కలో 180 ఎకరాల దాకా, నీళ్ల కిందకి వెళ్లిపోయాయి.

డ్రెయిన్‌కి ఇవతల చేలు, అవతల రొయ్యల చెరువులు. ఆ చెరువుల మీద కాపలా ఉండే మనిషి చప్పుడు విని అందరికన్నా ముందు వచ్చాడు. చేతిలో పార ఉంది. గట్టు మీంచే నాకు ఫోన్ చేశాడు: "మాస్టారండీ, గట్టు జారిపోతందండి, మనుషుల్ని లేపండి." మేము వెళ్లేసరికి ఒంటరిగా నీళ్లలో ఉన్నాడు. సరుగుడు బాదులు పాతి, కొబ్బరి మట్టలు అడ్డం వేసి, మట్టి బస్తాలు దించుతూ ఇరవై మందిమి తెల్లారేదాకా అక్కడే ఉన్నాం. గండి పూడలేదు గానీ ఇంకా పెద్దది కాకుండా ఆగింది.

మాతో వచ్చిన కుర్రాడొకడు ఫోన్లో వీడియో తీశాడు. నిడివి నిమిషం నలభై సెకన్లు. అందులో నాలుగు సెకన్లు మీ దాకా వచ్చాయి. ఆ నాలుగు సెకన్లలో కాపలా మనిషి పార పైకెత్తి గట్టు మీద దించుతున్నాడు. అంతే. ఆ పారతో తీసిన మట్టిని బస్తాలో పొయ్యడం, ఇంకొకడు మూతి బిగించి అందుకోవడం, "ఇటు, ఇటు వెయ్యండి" అని నేను టార్చిలైటు ఊపుతూ అరవడం, అవన్నీ మిగతా 96 సెకన్లలో ఉన్నాయి.

ఉదయం ఏడింటికి స్క్రోలింగ్ వచ్చింది: "రొయ్యల చెరువుల కోసం డ్రెయిన్‌కు గండి కొట్టారు." ఎనిమిదింటికి యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో పార చుట్టూ ఎర్ర గుండ్రం గీసి, "రైతుల కడుపు కొట్టిన కిరాతకుడు" అని రాశారు. పదింటికి ఆయన పేరు వచ్చింది. మధ్యాహ్నానికి ఊరి గ్రూపుల్లో ఆయన కులం వచ్చింది. రాత్రి చర్చలో కూర్చున్న ఒక పెద్దమనిషి, మా డ్రెయిన్ ఏ వైపు పారుతుందో కూడా తెలియనాయన, దీని వెనక పెద్ద కుట్ర ఉందని తేల్చేశాడు.

మూడో రోజు నీరు తీశాక ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ), కాలువ గట్లు చూసుకునే ఇద్దరు లస్కర్లు వచ్చారు. నేను పక్కనే ఉన్నాను. గండి అంచున లస్కరు కర్ర పెట్టి గుచ్చితే మోచేతి దాకా లోపలికి పోయింది. ఎండ్రకాయ బొరియ. దాని పక్కనే ఇంకొకటి. ఆ రెండింటికీ కాస్త కింద పాత తూము. సిమెంటు గొట్టం మధ్యకి విరిగి ఉంది, దాని చుట్టూ ఉన్న మట్టి ఎప్పుడో కరిగిపోయి డొల్లగా ఉంది. బయటికి గట్టులాగే కనిపిస్తుంది. లోపల గట్టు లేదు. ఏఈ గారు పుస్తకంలో "పాత తూము వెంబడి ఊట వల్ల గండి" అని రాసుకోవడం నా కళ్లతో చూశాను. ఆ తూము మార్చమని రైతులు రెండేళ్ల ముందే అర్జీ పెట్టారు. దాని నకలు నా దగ్గరుంది, రాసిపెట్టింది నేనే కాబట్టి.

ఏఈ గారి రిపోర్టు పైకి వెళ్లింది. స్క్రోలింగ్‌లోకి మాత్రం రాలేదు.

మీరు వేసిన కథ నమ్మేలాగే ఉంది. అందుకే అందరూ నమ్మారు. గండి చేల వైపు పడితే అవతల చెరువుల గట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. లాభం ఎవరికో కనిపించింది కాబట్టి పని కూడా వాళ్లదే అనుకున్నారు. వాన కురిస్తే గొడుగుల కొట్టువాడికి బేరం. అంతమాత్రాన వాన వాడు కురిపించినట్టా?

తెలుగు మాస్టార్ని కాబట్టి ఒక పాఠం చెప్పక తప్పదు. తొమ్మిదో తరగతిలో నిద్రపోయినవాళ్లు ఇప్పుడైనా వినండి. మన భాషలో ఒక్క క్రియ మారిస్తే నేరం పుట్టుకొస్తుంది. గండి పడింది, గండి కొట్టారు. చేను మునిగింది, చేను ముంచారు. పాక తగలబడింది, పాక తగలబెట్టారు. మొదటిది కంటికి కనిపించేది. రెండోదానిలో ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి మనసులో ఒక ఉద్దేశం ఉంది. అకర్మక క్రియని సకర్మకం చెయ్యాలంటే కర్త కావాలి. తెల్లవారుజామున మీకు కర్త ఎక్కడ దొరికాడు? దొరక్కపోతే "కొట్టారా?" అని ఒక ప్రశ్నార్థకం తగిలిస్తున్నారు, అదీ భూతద్దంతో వెతకాల్సినంత చిన్నది. లేదా "స్థానికులు అంటున్నారు" అంటున్నారు. నేనూ స్థానికుణ్ణే. ఆ రోజు గండి దగ్గర ఉన్న ఇరవై మందీ స్థానికులే. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇది మా ఊరితో మొదలైంది కాదు. కోనసీమలోని నగరం అనే ఊరి సంగతి మీరెవరూ మర్చిపోయి ఉండరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా బొగ్గయ్యాయి. టీ కొట్టులో పొయ్యి వెలిగించడం వల్లే అన్న మాట మొదటి గంటల్లోనే దేశమంతా తిరిగింది. పొయ్యి రోజూ వెలిగే పొయ్యే. ఊరి మధ్యలోకి గ్యాసు ఎలా వచ్చిందన్నది అడగాల్సిన ప్రశ్న. తర్వాత విచారణలో తేలింది వేరు: పొడి గ్యాసు కోసం వేసిన పైపులో నీరు కలిసిన తడి గ్యాసు పంపారు, పైపు లోపల తుప్పు పట్టి తినేసింది. అగ్గిపుల్ల గీసినవాడి కథ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. తుప్పు కథ చెప్పాలంటే ఓపిక కావాలి. మొదటిరోజు ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది.

కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పాపికొండలు వెళ్లే పడవ మునిగినప్పుడు అందులో ఎంతమంది ఎక్కారన్న అంకె ఎన్నిసార్లు మారిందో గుర్తు చేసుకోండి. చివరికి 77 మంది అన్నారు. బతికి బయటపడింది 26 మంది. పడవ పైకి వచ్చింది అక్టోబరు 22న. టికెట్టు కొని ఎక్కినవాళ్లని లెక్కపెట్టడానికే అన్ని రోజులు పడితే, ఒక మనిషి మనసులో ఏముందో గంటలో ఎలా తేలింది? 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు మొదట బ్లీచింగ్ అన్నారు, దోమల మందు అన్నారు. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి, ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల మాట వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అంతర్వేది గుడి రథం కాలిపోయిన తెల్లారే, ఎవరికి కావలసిన "వాళ్లు" వాళ్లకి దొరికిపోయారు. ప్రభుత్వం సీబీఐ దర్యాప్తు కోరేలోపే ఊళ్ల మధ్య టెన్షన్ పాకిపోయింది.

నాలుగు సెకన్ల మీద మీరు నడిపిన కథ వల్ల మా ఊళ్లో ఎవరికి ఏం జరిగిందో వరసగా చెబుతాను.

1. కాపలా మనిషిని స్టేషన్‌లో రెండు రోజులు కూర్చోబెట్టి పంపేశారు. కేసు లేదు. కేసు లేదన్న వార్త కూడా లేదు. చెరువు యజమాని, "నువ్వుంటే నాకూ గొడవే" అని పనిలోంచి తీసేశాడు. ఆయన కూతురు రోజూ బస్సులో డిగ్రీ కాలేజీకి వెళ్లేది. బస్సులో ఎవరో ఫోన్ ముందుకు పెట్టి, "మీ నాన్నేనా?" అని అడిగారట. రెండు నెలలు కాలేజీకి వెళ్లలేదు. సంక్రాంతి ముందు ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లింది. ఇప్పుడాయన ఒక ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. నేను ఫోన్ చేస్తే, "ఆయ్, బాగానే ఉన్నానండి మాస్టారండీ" అంటాడు. తర్వాత ఇద్దరికీ మాట దొరకదు.

2. పంట నష్టం రాయడానికి వచ్చిన సిబ్బంది, "ఇది మనుషులు కొట్టిన గండి కదండీ, కేసు తేలాలి" అని మా చేలు లిస్టులో కలపలేదు. పంట పోయిన రైతుకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి ప్రకృతి వైపరీత్యం అవ్వాలి, 33 శాతం నష్టం దాటాలి. మాకు నష్టం నూటికి నూరు. వైపరీత్యం కాదన్నది మాత్రం మీ స్క్రోలింగ్. మునిగిన చేలల్లో ఎక్కువ భాగం కౌలువి. రెండోసారి నారు కొనడానికి అప్పు చేసింది వాళ్లు. ఎవరి పక్షాన మీరు "రైతుల కడుపు కొట్టారు" అని రాశారో ఆ రైతుల కడుపు మీదే దెబ్బ పడింది.

3. తూము అలాగే ఉంది. ఒక మనిషి దొరికేశాడు కాబట్టి తూము గురించి ఎవరూ అడగలేదు. రెండేళ్లు అర్జీని బల్ల కింద పెట్టుకున్న వాళ్లని మీరు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. విరిగిన గొట్టం చుట్టూ బస్తాలు పేర్చి వదిలేశారు. మళ్లీ సార్వా వస్తోంది.

4. నన్ను బాగా భయపెట్టింది ఇది. నెల తిరక్కుండా మళ్లీ వాన పట్టి డ్రెయిన్ నిండింది. అర్ధరాత్రి నేను గట్టు మీదికి వెళ్లేసరికి పదిమంది దాకా కుర్రాళ్లు ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లే. ఒక్కడి చేతిలోనూ పార లేదు. "పార ఏదిరా?" అంటే ఒకడన్నాడు, "పార పట్టుకుంటే వీడియో తీస్తారండి."

5. ఇది మా ఊరిది కాదు గానీ, ఇంకా పెద్ద కీడు ఎలా ఉంటుందో 2018లో చూశాం. పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా దిగిందని ఫోన్లలో పుకారు పుట్టి, భాష రాని బిచ్చగాళ్లని, దారి తప్పినవాళ్లని ఊళ్లలో కట్టేసి కొట్టారు. గొడవ చెయ్యి దాటితే అధికారులకి తెలిసిన మందు ఒకటే, అందరికీ నెట్ ఆపెయ్యడం. 2022 మే 24 అమలాపురం గొడవల తర్వాత రోజుల తరబడి ఇక్కడ అదే చేశారు.

మీ మీద రాళ్లు వేసే ముందు నా సంగతి కూడా చెప్పుకోవాలి. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజుల్లో నేను టీచర్ ట్రైనింగ్ చదువుతున్న కుర్రాణ్ణి. రాత్రిళ్లు ఏటిగట్టు కాపలాకి వెళ్లేవాళ్లం. అవతలి గట్టువాళ్లు పడవ మీద వచ్చి మన గట్టుకి గండి కొడతారట అని మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలీదు. ఒక రాత్రి నిజంగానే చీకట్లో నావ ఒకటి గట్టుకి తగిలింది, ఒక మనిషి దిగాడు. అంతే, కర్రలు లేచాయి. ఆ కర్రల్లో ఒకటి నాది. మాతో ఉన్న ముసలి లస్కరు లాంతరు పట్టుకుని అడ్డం నిలబడి, "ముందు పడవలో ఏముందో చూసి కొట్టండ్రా" అన్నాడు. లాంతరు వెలుగులో చూస్తే పడవలో కాళ్లు కట్టిన లేగదూడ ఉంది. లంక మునిగిపోతుంటే దాన్ని ఒడ్డుకి చేర్చడానికి వచ్చాడాయన. ఆ లస్కరు లేకపోతే నేను మాస్టారినయ్యేవాణ్ణో, జైలుకి వెళ్లేవాణ్ణో. ఆ రాత్రి మా చేతుల్లో కర్రలున్నాయి, పది మందిమి. ఇప్పుడు మీ ఒక్కొక్కరి చేతిలో యాభై వేలమందిని కదిలించే లోగో ఉంది.

నా శిష్యుడొకడు మీలోనే ఉన్నాడు. ఇదంతా అన్నప్పుడు తల గోక్కుని, "ఏం చెయ్యమంటారండీ మాస్టారూ, పక్క ఛానల్‌వాడు వేసేశాడండి, డెస్క్ నుంచి ఫోను మీద ఫోను" అన్నాడు. అది అబద్ధం కాదు. అతను ఇంకో మాట కూడా అన్నాడు: "ఆగితే పెద్దవాళ్లు తప్పించేసుకుంటారండి. ఆ రోజే వేస్తేనే భయం."

ఈ మాటకి బలం ఉంది. చెరువుల కోసం డ్రెయిన్లకి అడ్డుకట్టలు వేసినవాళ్లని, రాత్రికి రాత్రి కాలువ గట్లు కోసినవాళ్లని నేనూ చూశాను. డెల్టాలో అందరూ సత్యహరిశ్చంద్రులని నేననను. కానీ నేను ఆగమంటున్నది వార్త దగ్గర కాదు, ఉద్దేశం దగ్గర. ఎప్పుడు తెగింది, ఎన్ని ఎకరాలు మునిగింది, ఆ తూము ఎప్పటిది, ఎవరి బాధ్యత, చివరిసారి బాగు చేసింది ఎప్పుడు, ఇవన్నీ మొదటి గంటలోనే అడగండి, వెయ్యండి. పెద్దవాళ్లని భయపెట్టే ప్రశ్నలు ఇవే. "కుట్ర" అన్న మాట పెద్దవాళ్లకి హాయి. దాని నీడలో వాళ్లు కనపడరు. మా ఊళ్లో ఆ రోజు తప్పించుకున్నది ఎవరో లెక్క చూసుకోండి.

గోదారొడ్డున పుట్టినవాళ్లకి ఆగి చూడటం చేతకాని పని కాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో నీరు పెరిగిందని వినగానే ఎవరూ మూడో హెచ్చరిక ఎగరెయ్యరు. గేజీ చూస్తారు, రాస్తారు, గంటకోసారి చెబుతారు. ఆ లెక్కని మనం నమ్మి సామాను సర్దుకుంటాం, పశువుల్ని విప్పుతాం. గేజీ చూడకుండా మీలో ఎవరైనా "ప్రమాద హెచ్చరిక" వేస్తారా?

అందుచేత మేము అడుగుతున్నవి ఇవి. నాతోపాటు ఆ రాత్రి గట్టు మీద ఉన్నవాళ్లూ అడుగుతున్నారు.

1. మొదటి రోజు కనిపించిన క్రియే వాడండి: పడింది, మునిగింది, కాలింది. "కావాలనే", "కక్షతో", "కుట్ర" అన్న మాటలు వాడాలంటే ఎవరన్నారో పేరు, హోదా చెప్పండి. "స్థానికులు" హోదా కాదు.

2. కేసు నమోదు కాకముందు మనిషి పేరు, ముఖం వద్దు. కులం ఎప్పుడూ వద్దు.

3. వీడియో వస్తే మొత్తం ఎంత ఉందో అడగండి. ముక్క మాత్రమే వేస్తుంటే, ఇది ముక్క అని, మొత్తం ఇన్ని నిమిషాలు అని తెర మీద రాయండి.

4. తప్పు తేలితే సవరణ అదే టైముకి, అదే సైజులో, అన్నిసార్లే వెయ్యండి. ఎర్ర గుండ్రం ఎంత పెద్దది గీశారో అంత పెద్దది. శాటిలైట్ ఛానళ్లకి ఫిర్యాదు ఇస్తే 15 రోజుల్లో తేల్చాలని 2021 కేబుల్ నిబంధనలే చెబుతున్నాయి. పత్రికల మీద ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. యూట్యూబ్ ఛానళ్లు పెట్టినవాళ్లు కనీసం మేము ఫోన్ చెయ్యగల నంబరొకటి పేజీ మీద పెట్టండి. యాడ్‌ల కోసం నంబరు ఎలాగూ పెడుతున్నారు కదా.

5. అధికారులకు: మీరు మౌనంగా ఉన్న ప్రతి గంటా పుకారుకి సొంతం. ప్రమాదం జరిగిన రోజే తెలిసినంతవరకు కాగితం మీద ఇవ్వండి, తేలాల్సినవి ఇవి అని అందులోనే రాయండి. పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మాన్యువల్ తయారు చెయ్యమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 13న కేంద్ర హోంశాఖని ఆదేశించింది. ఆ స్ఫూర్తి మండల స్టేషన్ దాకా రావాలి. విడిచిపెట్టిన మనిషిని విడిచిపెట్టామని చెప్పడానికి ఒక ప్రెస్‌నోట్ చాలు. టీవీ వార్త చూసి పంట నష్టం లిస్టు ఆపే పద్ధతి మానండి. మా కౌలు రైతుల పేర్లు ఏఈ గారి రిపోర్టు ఆధారంగా లిస్టులో కలపండి. ఆ రిపోర్టు నకలు బయట పెట్టండి.

6. అడ్మిన్లకు: "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఫోనే చెబుతుంటే, ఇంకోసారి మీరెందుకు?

7. తూము. ఈ సార్వా నాట్ల లోపు కొత్తది వెయ్యాలి. ఇది విలేకరుల పని కాదని తెలుసు. కానీ మీరు వచ్చి అక్కడ ఒక్క ఫొటో తీస్తే పని జరుగుతుందని కూడా తెలుసు. విరిగిన గొట్టం ఇప్పటికీ గట్టు మీంచి వంగి చూస్తే కనిపిస్తుంది.

ఆ నిమిషం నలభై సెకన్ల వీడియో నా దగ్గర పెన్ డ్రైవ్‌లో ఉంది. మొత్తం వెయ్యండి. 38వ సెకను దగ్గర ఆయన వెనక్కి తిరిగి, పార గట్టుకి గుచ్చి, "ఇంకో బస్తా అందించండి" అంటాడు. మాట స్పష్టంగా వినిపిస్తుంది. మీకు వీలు కాకపోతే కబురు చెయ్యండి, నేనే బస్సెక్కి తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
ఆ రాత్రి గట్టు మీద ఉన్నవారి తరఫున,
కోనసీమ